రెండు ఔన్సుల లెక్క: పిల్లలకు పంటనూ ఆహారాన్నీ కలిపి నేర్పడం గురించి

(ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని అక్షరబద్ధం చేశాం.)

మిత్రులందరికీ నమస్కారం. వస్తూనే ఒక ప్రశ్న వేస్తున్నాను, ఏమీ అనుకోకండి. జవాబు కచ్చితంగా తెలిసినవాళ్ళు కాసేపు చెప్పకుండా ఆగండి. ఒక పెద్ద చెట్టును మనసులో ఊహించుకోండి. ఇద్దరు మనుషులు చేతులు కలిపినా కాండం చుట్టూ అందనంత చెట్టు. టన్నుల బరువు ఉంటుంది. ఆ బరువంతా ఎక్కడి నుంచి వచ్చింది?

మట్టిలోంచి అని వెనక వరుసలో ఎవరో అన్నారు. నీళ్ళు అని ఇటువైపు నుంచి వినిపించింది. ఎండ అని కూడా ఒకరు అన్నారు. మీ తరగతిలో ఇదే ప్రశ్న వేసి చూడండి. చాలా మంది పిల్లలు మట్టి అనే అంటారు. ముందురోజు పరీక్షలో కిరణజన్య సంయోగక్రియ సమీకరణం తప్పు లేకుండా రాసిన పిల్లలు కూడా మట్టి అనే అంటారు. సమీకరణం ఒకచోట ఉంటుంది, చెట్టు ఒకచోట ఉంటుంది, రెండూ కలవవు. ఎందుకు కలవవు? మనం కలపలేదు కాబట్టి.

ఈ ప్రశ్నకు తూకం వేసి జవాబు వెతికిన మనిషి ఒకాయన ఉన్నారు. పదిహేడో శతాబ్దపు శాస్త్రవేత్త యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఈ ప్రయోగం ఉంది. ఒక కుండీలో 200 పౌండ్ల ఎండిన మట్టి పోశారు. అందులో 5 పౌండ్ల విల్లో మొక్క నాటారు. 5 ఏళ్ళపాటు నీళ్ళు మాత్రమే పోశారు. తరువాత చెట్టును తీసి తూచితే 169 పౌండ్లు తూగింది. మట్టిని మళ్ళీ ఎండబెట్టి తూచారు. ఎంత తగ్గిందో ఊహించండి. యాభై పౌండ్లా? పదా? సుమారు 2 ఔన్సులు. గ్రాముల్లో చెప్పాలంటే 57 గ్రాములు!

వాన్ హెల్మాంట్ దీన్ని చూసి చెట్టంతా నీళ్ళతోనే తయారైందని అనుకున్నారు. అది సగం నిజం. మిగతా సగం గాలిలో ఉందని, ఆకు గాలిలోని కార్బన్ డయాక్సైడును పట్టి తన ఒంటిగా మార్చుకుంటుందని తేలడానికి మరో నూట యాభై ఏళ్ళ పైన పట్టింది. పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఆ పొరపాటును దాచవద్దు. బాగా కొలిచిన మనిషి కూడా అప్పటికి తెలియనిదాన్ని లెక్కలో వేసుకోలేడు. అది వాళ్ళకు తెలియాలి.

సరే, మరి ఆ 2 ఔన్సులు ఏమిటి? నేను ఇవాళ మాట్లాడబోయేది ఆ 2 ఔన్సుల గురించే. అందులో భాస్వరం ఉంది, పొటాష్ ఉంది, కాల్షియం ఉంది, ఇనుము, జింకు ఉన్నాయి. నత్రజని ఉంది. గాలి నుంచి, నీటి నుంచి చెట్టు తీసుకున్నది ఎంతైనా మళ్ళీ దొరుకుతుంది. మట్టిలోంచి తీసుకున్న ఆ కాస్తా, పంట కోసుకుపోయినప్పుడు పొలం దాటి వెళ్ళిపోతుంది. గింజతో వెళుతుంది, కాయతో వెళుతుంది, గడ్డితో వెళుతుంది. ఎక్కడికి వెళుతుంది? మన కంచంలోకి. కంచంలోంచి? మన ఒంట్లోకి కొంత, మురుగు కాలువలోకి కొంత, చెత్తకుప్పలోకి కొంత. పొలానికి తిరిగి వచ్చేది ఎంత?

సుస్థిర వ్యవసాయం అనే మాటకు పిల్లలకు అర్థం చెప్పమంటే నేను ఈ లెక్కే చెబుతాను. నేల నుంచి తీసుకున్నది నేలకు తిరిగి చేరుతోందా లేదా? దీనికి జవాబు వెతకడం మొదలుపెడితే మట్టి పాఠం, పంట పాఠం, ఆరోగ్యం పాఠం విడివిడిగా ఉండవు. మన పాఠ్యపుస్తకాల్లో నేలలు ఒక తరగతిలో ఉంటాయి, మొక్కల పోషణ ఇంకో తరగతిలో, సమతులాహారం మరో తరగతిలో. ఆ పిల్లవాడు మూడింటినీ ఎప్పుడు కలుపుకోవాలి? ఎవరు కలపాలి? అది మన పనే. పిల్లలు మడిలో దిగి పనిచేస్తే తప్ప ఆ కలిపే పని జరగదని నా గట్టి నమ్మకం.

మడి అనగానే కొందరి ముఖాల్లో ఇబ్బంది కనిపిస్తోంది. స్థలం లేదు, నీళ్ళు లేవు, సిలబస్ పూర్తి కాదు. ఒప్పుకుంటాను. నేను అడిగేది ఒక మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు. అంతే. వెడల్పు ఒక మీటరు ఎందుకంటే పిల్లలు రెండువైపులా నిలబడి మట్టి తొక్కకుండా మధ్యదాకా చెయ్యి చాచగలరు. అదీ లేకపోతే అడుగున రంధ్రాలు చేసిన పాత డబ్బాలు, గోనె సంచులు. ఉన్న ఆ కొద్దిపాటి మడిలో ఒక పంటను విత్తనం నుంచి విత్తనం దాకా నడిపించండి. ఈ మాట మళ్ళీ చెబుతున్నాను, విత్తనం నుంచి విత్తనం దాకా. పది రకాల కూరగాయలు వేసి, ఫోటోలు తీసి, వేసవి సెలవుల్లో ఎండబెట్టేకంటే ఒక్క చిక్కుడు పాదును చివరిదాకా చూడటం మేలు. నాటారు, కాసింది, తిన్నారు, కొన్ని కాయలు పాదు మీదే ఎండనిచ్చారు, గింజ తీశారు, దాచారు, తరువాతి తరగతి పిల్లలకు ఇచ్చారు. చిక్కుడు, బఠానీ, అలసంద వంటివి చాలావరకు తమ పువ్వులోనే పరాగసంపర్కం జరుపుకుంటాయి కాబట్టి గింజ దాచుకున్నా రకం పెద్దగా చెడదు. మొదలుపెట్టడానికి అవే మంచివి. కొన్న సంకర విత్తనం అయితే రెండో తరంలో మొక్కలు రకరకాలుగా వస్తాయి. అది కూడా మంచి పాఠమే, కాని రెండో ఏడాదికి.

చిక్కుడు జాతినే ఎందుకు అంటున్నానో చెబుతాను. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే బడిలో ఇంతకంటే మంచి పాఠం నేను చూడలేదు. పాదు పూతకు వస్తున్న సమయంలో ఒక మొక్కను ఎంచుకోండి. పట్టి లాగకండి, లాగితే మనకు కావలసింది మట్టిలోనే ఉండిపోతుంది. చుట్టూ జానెడు దూరంలో పారతో తవ్వి, గడ్డతో సహా లేపి, బక్కెట్టు నీళ్ళలో నానబెట్టి మెల్లగా ఊపండి. మట్టి కరిగి వేళ్ళు బయటపడతాయి. వేళ్ళకు అక్కడక్కడ ఆవగింజంత, మిరియపు గింజంత బుడిపెలు కనిపిస్తాయి. ఏదో రోగం పట్టిందని పిల్లలు అంటారు. అననివ్వండి. ఒక బుడిపెను తీసి గోటితో రెండుగా చీల్చమనండి. లోపల ఏ రంగు ఉంటుంది?

గులాబీ రంగు. కొన్నిసార్లు నెత్తురు చుక్కలా ఎర్రగా ఉంటుంది. మొక్కలో ఎరుపేమిటి అని పిల్లలు ఉలిక్కిపడతారు. ఆ ఉలికిపాటు మీకు కావాలి. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన నెత్తురులో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు దగ్గర బంధువు. ఆ బుడిపెలో రైజోబియం అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. గాలిలో 78 శాతం నత్రజనే, కాని మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. బాక్టీరియా ఆ నత్రజనిని అమ్మోనియాగా మార్చి ఇస్తుంది. ఆ పని చేసే ఎంజైముకు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకే ఆక్సిజన్‌ను అదుపులో ఉంచే ఈ ఎర్రటి పదార్థం. బుడిపె లోపల గులాబీ రంగు ఉంటే పని జరుగుతోందని అర్థం. తెల్లగా ఉంటే ఇంకా మొదలు కాలేదు, లేదా అక్కడ చేరిన బాక్టీరియా పనికివచ్చేది కాదు. ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారితే పని ముగిసింది. ఏ పరికరమూ అక్కరలేదు, గోరు చాలు.

ఇక్కడితో ఆపకండి. రెండు డబ్బాల్లో ఒకే విత్తనం వేసి, ఒక డబ్బాలో నత్రజని ఎరువు దండిగా వేయండి. పూత సమయానికి రెండు మొక్కల వేళ్ళూ కడిగి బుడిపెలు లెక్కపెట్టించండి. ఎరువు వేసిన మొక్కకు బుడిపెలు బాగా తగ్గుతాయి. ఎందుకు తగ్గాయి? పిల్లలను అడగండి, వెంటనే మీరు చెప్పేయకండి. ఆ బాక్టీరియాను పోషించడానికి మొక్క తన చక్కెరను ఖర్చుపెడుతుంది. నత్రజని ఊరికే దొరికితే ఆ ఖర్చు మానుకుంటుంది. పంట మార్పిడిలో పప్పు జాతి పంటను ఎందుకు వేస్తారో, అంతరపంటగా ఎందుకు వేస్తారో ఆ పిల్లలకు ఇక విడిగా చెప్పనక్కరలేదు.

ఇప్పుడు మీకు కొంచెం కష్టమైన మాట చెప్పాలి. ఇంతదాకా వచ్చాక మనలో చాలామందికి వెంటనే ఒక తీర్పు చెప్పాలని ఉంటుంది. రసాయన ఎరువు విషం, సేంద్రియం అమృతం అని. దయచేసి అలా చెప్పకండి. 1909లో ఫ్రిట్జ్ హాబర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త గాలిలోని నత్రజనిని ప్రయోగశాలలో అమ్మోనియాగా మార్చి చూపించారు. కార్ల్ బాష్ దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చారు, 1913లో జర్మనీలోని ఓపావ్‌లో ఉత్పత్తి మొదలైంది. ఇవాళ భూమి మీద ఉన్న మనుషుల్లో దాదాపు సగం మందికి సరిపడే తిండి ఈ ప్రక్రియ వల్లనే పండుతోందని అంచనా. సగం మంది! ఈ గదిలో సగం మందిని లేపి నిలబెట్టి చూపించవచ్చు. ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా దాచడం న్యాయం కాదు.

అలాగే రెండోవైపూ దాచకూడదు. పొలంలో వేసిన నత్రజనిని పంట మొత్తం తీసుకోదు. మిగిలింది వాననీటితో కొట్టుకుపోయి చెరువుల్లో, నదుల్లో, చివరికి సముద్రంలో చేరుతుంది. అక్కడ నాచు విపరీతంగా పెరుగుతుంది. అది చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అంతా అయిపోతుంది. అమెరికాలో మిసిసిపీ నది కలిసేచోట, మెక్సికో సింధుశాఖలో, ప్రతి వేసవిలోనూ చేపలు బతకలేని ప్రాంతం ఏర్పడుతోంది. పొలంలోంచి నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా కూడా కొంత పోతుంది. వందేళ్ళ లెక్కలో చూస్తే కార్బన్ డయాక్సైడు కంటే అది సుమారు 270 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. రెండు సంగతులూ పిల్లల ముందు పెట్టండి. ఎరువు ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి, పప్పు జాతి పంటతో ఎంత తగ్గించవచ్చు, కంపోస్టుతో ఎంత పూడుతుంది, ఇవి వాళ్ళు వాదించుకోవలసిన ప్రశ్నలు. పదమూడేళ్ళ పిల్లలు ఈ వాదన చేయలేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మనం వాళ్ళకు నినాదం ఇచ్చి పంపితే గోడమీద రాస్తారు. ప్రశ్న ఇచ్చి పంపితే ఇంటికెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడతారు.

మట్టి గురించి ఒకే ఒక ప్రయోగం చెప్పి ముందుకు పోతాను. రెండు గాజు గ్లాసుల నిండా నీళ్ళు తీసుకోండి. ఎన్నో ఏళ్ళుగా దున్ని దున్ని వదిలేసిన చోటు నుంచి ఒక మట్టిగడ్డ, ఎప్పుడూ గడ్డి ఉండే గట్టు మీద నుంచి ఒక మట్టిగడ్డ తెచ్చి బాగా ఆరబెట్టండి. తీగ జల్లెడ ముక్కను వంచి గ్లాసు అంచుకు తగిలించి, గడ్డను నీటిలో మునిగేలా పెట్టండి. మొదటిది చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే విడిపోయి కింద బురదగా దిగుతుంది. రెండోది గంటల తరబడి నిలుస్తుంది. వేళ్ళు, శిలీంధ్రపు పోగులు, బాక్టీరియా వదిలే జిగురు దాన్ని పట్టి ఉంచుతాయి. వాన పడితే ఏ పొలం కొట్టుకుపోతుందో పిల్లలకు కళ్ళ ముందే కనిపిస్తుంది. కొద్ది సెంటీమీటర్ల పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుందని ఆ తరువాత చెప్పండి. అప్పుడు ఆ మాటకు బరువు ఉంటుంది.

కంపోస్టు సంగతి మీలో చాలామందికి తెలుసు. ఒక్కటే చెబుతాను. పచ్చివి, ఎండువి కలిపి వేయాలి. కూరగాయల తొక్కలు మాత్రమే వేస్తే కంపు కొడుతుంది, ఎండుటాకులు మాత్రమే వేస్తే కదలదు. కార్బను, నత్రజని నిష్పత్తి 25, 30కి ఒకటి ఉంటే కుప్ప బాగా పనిచేస్తుంది. ఘనపరిమాణం ఒక ఘనపు మీటరుకు దగ్గరగా ఉంటే లోపల 55 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఒక ఇనుప చువ్వను కుప్ప మధ్యలోకి గుచ్చి పది నిమిషాల తరువాత తీసి, వేడి ఎంత ఉందో మీరు ముందు చూసుకుని పిల్లల చేత ముట్టించండి. బాక్టీరియా తింటోందన్న మాట వాళ్ళ చేతికే తెలుస్తుంది.

ఇక కంచం దగ్గరికి వద్దాం. ఆ 2 ఔన్సులను మరచిపోకండి, అవే ఇప్పుడు కంచంలోకి వచ్చాయి. అవి గింజలో ఎక్కడ ఉంటాయి? గింజ మధ్యలో ఉన్నది ఎక్కువగా పిండిపదార్థం. ఖనిజాల్లో, విటమిన్లలో పెద్దభాగం పైపొరలోనూ మొలకలోనూ ఉంటుంది. మనం మిల్లులో తీసేసేది సరిగ్గా దాన్నే.

దీని వెనుక ఒక గొప్ప కథ ఉంది. పిల్లలకు డిటెక్టివ్ కథలా చెప్పవచ్చు. 19వ శతాబ్దం చివర్లో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు జావా దీవిలో బెరిబెరి వ్యాధి మీద పరిశోధన చేస్తున్నారు. కాళ్ళు పట్టు తప్పి, గుండె బలహీనపడి మనుషులు చనిపోతున్నారు. ఏదో క్రిమి కారణమై ఉంటుందని అందరి అనుమానం. ప్రయోగశాలలోని కోళ్ళకు కూడా అలాగే కాళ్ళు పడిపోయాయి. కొంతకాలానికి వాటంతట అవే కోలుకున్నాయి. ఎలా కోలుకున్నాయి? ఆరా తీస్తే తేలిందేమిటంటే, మధ్యలో కొంతకాలం కోళ్ళకు ఆసుపత్రి వంటింటి నుంచి వచ్చిన తెల్లటి పాలిష్ అన్నం వేశారు. తరువాత అది ఆపి, మామూలు ముడిగింజలు వేశారు. గింజ పైపొర తీస్తే జబ్బు, ఉంచితే నయం. ఐక్‌మన్ మొదట బియ్యంలో ఏదో విషం ఉందనీ, పైపొరలో దానికి విరుగుడు ఉందనీ అనుకున్నారు. ఆయన తరువాత ఆ పని కొనసాగించిన గెరిట్ గ్రైన్స్ 1901లో అసలు మాట చెప్పారు. విషం ఏమీ లేదు, ఒంటికి కావలసినది ఏదో లేకపోవడమే జబ్బు. ఆ లేనిదే తరువాత బి1 విటమిన్ అని, థయమిన్ అని పేరు పెట్టుకున్నది. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక్కడ కూడా తీర్పుకు తొందరపడకండి. పైపొర ఎందుకు తీస్తారు అని పిల్లలను అడగండి. రుచి కోసం, తెలుపు కోసం అంటారు. ఇంకో కారణం ఉంది. ఆ పొరలో నూనె ఉంటుంది, అది త్వరగా ముక్కిపోతుంది. పొర తీసిన గింజ ఎక్కువకాలం నిల్వ ఉంటుంది. నిల్వ ఉండటం చిన్న విషయమా? ఆకలి తెలిసిన మనిషికి అది చాలా పెద్ద విషయం. ఆహారంలో ప్రతి సౌకర్యానికీ ఒక వెల ఉందని, ఆ వెల తెలిసి ఎంచుకోవాలని వాళ్ళకు తెలిస్తే చాలు.

ఇప్పుడు మీకు ఒక విన్నపం. కాస్త గట్టిగానే చెబుతాను. ఆరోగ్యకరమైన ఆహారం పాఠం పేరుతో పిల్లల టిఫిన్ డబ్బాలు తెరిపించి తనిఖీ చేయకండి. ఆ డబ్బాలో ఏముందో ఆ పిల్ల నిర్ణయించలేదు. ఇంట్లో డబ్బు, తల్లిదండ్రుల పని వేళలు, దగ్గర్లో ఏం దొరుకుతుంది అనేవి నిర్ణయించాయి. నలుగురి ముందు ఆ డబ్బాను చూపించి ఇది మంచిది కాదు అంటే, ఆ పిల్ల దాన్ని వాళ్ళ అమ్మ మీద చెప్పిన మాటగా వింటుంది. అలాగే తరగతిలో బరువులు తూచకండి, లావు సన్నం అనే మాటలు ఎత్తకండి. ఆ వయసులో పడిన మాట ఒళ్ళంతా అంటుకుని ఉండిపోతుంది. కొందరు పిల్లలు తినడమే మానేస్తారు. ఇది నేను ఊరికే అనడం లేదు, మీలో సీనియర్లకు తెలుసు.

మరి ఏం చేయాలి? రుచి చూపించండి. కొత్త రుచి పిల్లలకు నచ్చాలంటే ఎనిమిది, పది సార్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువసార్లు నాలుకకు తగలాలని అధ్యయనాలు చెబుతున్నాయి. బలవంతం చేస్తే ఆ రుచి మీద అయిష్టం పెరుగుతుందని కూడా చెబుతున్నాయి. ఇది తింటే అది ఇస్తాను అన్నా అంతే. కాబట్టి చిన్న ముక్క పెట్టండి, నచ్చకపోతే వదిలేయవచ్చని ముందే చెప్పండి, రుచి ఎలా ఉందో వర్ణించమనండి. చేదు, వగరు, కమ్మదనం, జిగురు, కరకర, ఎన్ని మాటలున్నాయో చూడండి. తాము పెంచినదైతే చేయి చాచేవాళ్ళు ఎక్కువ. బడితోటల మీద జరిగిన పరిశోధనల్లో కూరగాయల మీద ఆసక్తి, రుచి చూసే ధైర్యం పెరిగినట్టు కనిపిస్తుంది. పిల్లల బరువు మారిపోతుందని మాత్రం అంత గట్టిగా తేలలేదు. అధికారుల ముందు ఈ తోటను సమర్థించేటప్పుడు లేని ఫలితాలు వాగ్దానం చేయకండి, రేపు తోటకే నష్టం.

పెద్ద తరగతులకు లెక్కలు ఇవ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించేది రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు. బంగాళాదుంప వంటి పిండి దుంపలు ఈ లెక్కలోకి రావు. పెద్దవాళ్ళకు ఉప్పు 5 గ్రాముల లోపు. చక్కెర అయితే రోజంతా వచ్చే శక్తిలో 10 శాతానికి మించకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మేలు. 2000 కిలో కేలరీలు తినే మనిషికి 10 శాతం అంటే సుమారు 50 గ్రాములు. ఇప్పుడు ఒక తీపి శీతల పానీయం ఖాళీ సీసా ఇవ్వండి. చీటీ మీద 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల చక్కెర అని ఉందనుకుందాం. 300 మిల్లీలీటర్లలో ఎంత? 30 గ్రాములు. ఆ 30 గ్రాములను చెంచాతో కొలిచి ఒక కాగితం మీద పోయమనండి. ఏడు చెంచాల పైన వస్తుంది. మీరు ఒక్క మాట మాట్లాడనక్కరలేదు. ఇంకో సంగతి, పండ్లరసంలోని చక్కెరను, తేనెను కూడా ఆ సంస్థ ఇదే లెక్కలో వేస్తుంది. పండును పండుగా తింటే వేయదు. ఎందుకని పిల్లలను అడగండి. పీచు గురించి మాట్లాడటానికి అదే మంచి సందర్భం.

పారేసే తిండి సంగతి కూడా లెక్కే. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం దుకాణాల్లో, హోటళ్ళలో, ఇళ్ళలో వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్ళలోనే. ఈ అంకెను బోర్డు మీద రాస్తే పిల్లలు కాపీ చేసుకుంటారు, అంతే. దానికి బదులు బడిలో భోజనం అయ్యాక కంచాల్లో మిగిలినదంతా ఒకే బక్కెట్టులో వేయించి, ఒక వారం రోజూ తూచండి. ఎవరి కంచంలో ఎంత మిగిలిందో రాయకండి, మొత్తం మాత్రమే రాయండి. ఏ రోజు ఎక్కువ మిగిలింది? ఏ పదార్థం మిగిలింది? ఉడకలేదా, ఎక్కువ వడ్డించారా, తినడానికి సమయం చాలలేదా? చాలాసార్లు జవాబు పిల్లల తిండి అలవాటులో ఉండదు, భోజన విరామం ఎంతసేపు ఇచ్చామన్నదాంట్లో ఉంటుంది. అది మనం మార్చగలిగినది.

రైతులను తరగతికి పిలవండి. పిలిచి సన్మానం చేసి పంపడం కోసం పిలవకండి. ఈ ఏడాది ఏ పంట వేయాలో ఎలా నిర్ణయించుకున్నారో అడగండి. వాన ఆలస్యమైతే ఏం చేస్తారో, అప్పు ఎప్పుడు తీసుకుంటారో, ధర ఎవరు నిర్ణయిస్తారో పిల్లలను అడగనివ్వండి. నేలను కాపాడటం మంచిదని తెలిసి కూడా ఒక రైతు ఆ పని ఎందుకు చేయలేకపోతున్నాడో తెలియాలి కదా. కౌలు భూమి అయితే, వచ్చే ఏడాది ఆ నేల తన చేతిలో ఉంటుందో లేదో తెలియనప్పుడు, అయిదేళ్ళకు ఫలితమిచ్చే పని ఎవరు చేస్తారు? ఇదీ సుస్థిర వ్యవసాయం పాఠమే. ఆ రైతు స్త్రీ అయితే ఇంకా మంచిది. పొలంలో సగం పని చేసేవాళ్ళు చిత్రపటాల్లో కనిపించరు.

ఇంకొకటి. అల్లరి చేసిన పిల్లవాడిని తోటలో కలుపు తీయమని పంపకండి. చదవకపోతే పొలం పనికే పోతావు అని అనకండి. ఈ రెండూ చేసిన బడిలో నేను ఇంతవరకు చెప్పినదంతా వృథా. శిక్షగా మారిన పనిని ఏ పిల్లా గౌరవించదు. ఆ పని చేసే తల్లిదండ్రుల పిల్లలు అదే తరగతిలో తల దించుకుని కూర్చుని ఉంటారు. వాళ్ళే అక్కడ అందరికంటే ఎక్కువ తెలిసినవాళ్ళు. పాదు ఎలా కట్టాలో, తడి ఎప్పుడు ఇవ్వాలో వాళ్ళ చేత చెప్పించండి. లెక్కల్లో ఎప్పుడూ చేయి ఎత్తని పిల్ల అక్కడ నిలబడి మీకు పాఠం చెబుతుంది.

జాగ్రత్తలు త్వరగా చెప్పేస్తాను, ఇవి తప్పించుకోవద్దు. మట్టి ముట్టిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి. ధనుర్వాతం టీకాలు పడ్డాయో లేదో చూసుకోండి. పచ్చిగా తినే ఆకుల మడిలో పచ్చి పేడ వేయకండి, బాగా మాగిన ఎరువే వేయండి. రద్దీ రోడ్డు పక్కన, పాత రంగులు రాలిన గోడల పక్కన నేలలో సీసం ఉండవచ్చు, అక్కడ బయటి నుంచి తెచ్చిన మట్టితో డబ్బాల్లో పెంచండి. పురుగుమందు డబ్బా ఖాళీదైనా సరే బడి ఆవరణలోకి రాకూడదు. వేరుశనగ వంటివి పడని పిల్లలు ఉన్నారేమో రుచి చూపించేముందు కనుక్కోండి. పచ్చి చిక్కుడు గింజలను, ముఖ్యంగా రాజ్మా జాతివి, నోట్లో వేసుకోనివ్వకండి. సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు అవుతాయి.

మార్కుల గురించి ఇందాక ఒకరు చీటీ పంపారు. మంచి ప్రశ్న. కాయల బరువుకు మార్కులు వేయకండి. వేస్తే పిల్లలు దొంగచాటుగా యూరియా వేస్తారు, పక్కవాళ్ళ మడికి నీళ్ళు ఆపుతారు. పెద్దవాళ్ళ లోకంలో ఇది జరుగుతూనే ఉంది కదా. నోటు పుస్తకానికి మార్కులు వేయండి. ఎప్పుడు విత్తారు, ఎన్ని మొలిచాయి, ఏ రోజు ఏం చూశారు, ఏది చచ్చింది, ఎందుకు చచ్చిందని అనుకుంటున్నారు, ఆ అనుకోవడం సరైనదో కాదో ఎలా పరీక్షించారు. పంట పూర్తిగా పోయిన బృందానికి నూటికి నూరు రావడానికి వీలుండాలి.

సెలవుల్లో తోటను ఎవరు చూస్తారన్నది రెండో చీటీ. సెలవుల ముందే పంట ముగిసేలా వెనక నుంచి లెక్కవేసి విత్తండి. చిక్కుడు జాతి పొట్టి రకాలైతే సుమారు రెండు నెలల్లో కాయలు వస్తాయి, గింజ ఎండటానికి మరో నెల పెట్టుకోండి. పంట తీశాక వేళ్ళను నేలలోనే వదిలి, పైభాగం కోసి మడి మీదే పరచండి. పైన ఎండుటాకులు కప్పేయండి. సెలవులన్నీ ఆ పని వానపాములు చూసుకుంటాయి. గింజలను బాగా ఎండబెట్టి, కాగితం పొట్లాల్లో పెట్టి, రకం పేరు, తేదీ, ఏ తరగతి పిల్లలు దాచారో రాసి, గాలి చొరని సీసాలో మీ బీరువాలో పెట్టండి. బడి తెరిచాక పది గింజలు తడిగుడ్డలో కట్టి, ఎన్ని మొలకెత్తుతాయో కొత్త పిల్లల చేత లెక్కపెట్టించండి. ఏడు కంటే తక్కువ మొలిస్తే గుంటకు రెండేసి వేయండి. ఇంకా చీటీలు ఉన్నట్టున్నాయి, ఇటు పంపండి.